మల్లెపొదకు గుండు

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఇక్కడ బర్మాలో, బోటాటౌంగ్‌లో మా ఇంటి వెనక సందులో ఒక మల్లెపొద ఉంది. మా అత్తగారు పెట్టింది. ఆవిడ పోయాక, మా ఆయన కూడా పోయాక, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒళ్లంతా కట్టెలైపోయింది. గోడ దాటి పెరిగింది గానీ వేసవి వస్తే దోసెడు పూలు కూడా పూసేది కాదు.

కింది వాటాలో ఓనరమ్మ ఉంటుంది. బర్మా ఆవిడే గానీ మన పిల్లలతో ఆడుకుని పెరిగింది. తెలుగు మనలాగే మాట్లాడుతుంది, తిట్లతో సహా. కరెంటు అస్తమానం పోతోందని ఒక జనరేటర్ కొంది. దాన్ని పెట్టడానికి సరిగ్గా ఆ పొద ఉన్న చోటే కావాలంది.

"పువ్వు లేని పొద ఎందుకప్పా? పీకించేత్తాను."

"తింజాన్ దాకా ఆగమ్మీ. అప్పటికీ పుయ్యకపోతే పీకించు," అన్నాను. తింజాన్ అంటే ఇక్కడి నీళ్ల పండగ, నడివేసవిలో వస్తుంది.

"మాటేనా?"

"మాటే."

చలి తగ్గుతుండగా కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని దిగాను. ఎండిన కొమ్మలు మొదలంటా తీసేశాను. బతికున్న ముసలి కొమ్మల్ని మోకాలి ఎత్తుకి నరికాను. మిగిలిన ఆకు ఒక్కటీ లేకుండా చేత్తో దూసేశాను. నరికిన చోటల్లా పసుపు ముద్ద అద్దాను. మొదలు చుట్టూ మట్టి తవ్వి వేళ్లకు ఎండ తగలనిచ్చి, నీళ్లు ఆపేశాను. మా అత్తగారు ఇలాగే చేసేది. పొద కొన్నాళ్లు ఎండాక నీళ్లు పెడితే చిగురుతో పాటే మొగ్గ వస్తుంది. ముందే నీళ్లు అందాయా, ఉత్త ఆకే.

ఓనరమ్మ కిటికీలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! గుండు కొట్టేసినావేటప్పా దీనికి! నీళ్లయినా పొయ్యవేటి?"

"ఎండనీ. నీకేటి తెలుసు?"

"పీకుతానన్నాను గానీ ఇలా హింస పెట్టమన్నానా?"

కత్తి కడుక్కుని పైకి వచ్చేశాను. పొద తొందరగానే చిగిర్చింది. మరీ తొందరగా. నేనింకా చుక్క నీళ్లు పెట్టనే లేదు, పచ్చగా ఆకులే ఆకులు. మొగ్గ అన్నది లేదు. తింజాన్ దగ్గరపడింది. వంగి మట్టి ముట్టుకుంటే తడిగా ఉంది. ఎవరో నీళ్లు పోస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే దిగి చూస్తే, ఓనరమ్మ బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో పొద దగ్గర వంగి ఉంది.

"ఏటమ్మీ సేత్తన్నావు?"

గిన్నె వెనక్కి దాచింది. "ఏటీ లేదు."

"రోజూ పోత్తన్నావా?"

"బట్టలిప్పేసి ఎండలో నిలబెట్టినట్టుందప్పా. సూడలేకపోనాను. నాకు అన్నం దిగలేదు."

"పీకించేత్తానన్నది నువ్వే కదే!"

"పీకితే ఒక్కసారికే పోద్ది. ఇది నా కిటికీ ఎదర దాహంతో సత్తంటే ఎలా తినీది?"

తిట్టాను. తనూ తిట్టింది. పై వాటాల వాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు.

"పువ్వు రాకుండా సేసింది నువ్వు. ఇంక నా మాట సెల్లదు," అన్నాను చివరికి.

ఆవిడ గిన్నెలో మిగిలిన నీళ్లు కూడా పొదకే పోసేసింది. "సరే, జనరేటర్ మెట్ల కింద పెట్టుకుంటాను. వచ్చే ఏడు దాకా ఉండనీ. మళ్లీ గుండు కొట్టినప్పుడు ముందు సెప్పు. అహ్లోన్‌లో మా సెల్లెలింటికి ఎల్లిపోతాను."

మరుసటి ఏడు నిజంగానే వెళ్లిపోయింది. మళ్లీ చలి తగ్గేవేళ కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎండనిచ్చాను. నీళ్లు పెట్టే రోజు ఫోన్ చేస్తే సంచీతో దిగింది. ఈసారి తింజాన్ రాకముందే పొద పూలతో తెల్లబడింది. పొద్దున్నే లేచి ఓనరమ్మే కోసేస్తోంది. ముందు వాళ్ల బుద్ధుడికి, తర్వాత తన కొప్పుకి, మిగిలితే మాకు. పొద మాది కదా అంటే, చోటు నాది కదా అంటుంది.