తలుపు ముందు నేనూ, బిర్యానీ

ప్రాణాలకు తెగించి చేసిన పోరాటం గురించి చెబుతానని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి అది బిర్యానీ డెలివరీ.

ఉద్యోగం పోయాక అమెరికాలో మేముండే కాపెల్ ఊళ్లో ఇళ్లకు ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. ఓ జులై మధ్యాహ్నం, కార్‌లో ఏసీ చచ్చిపోయి ఉంది. నీళ్లు తాగితే బాత్రూమ్ కోసం ఆగాలి. ఆగితే రేటింగ్ పడిపోతుంది, రేటింగ్ పడితే యాప్ వాళ్లు అకౌంట్ మూసేస్తారు. అందుకని పొద్దుట్నుంచి నీళ్లే ముట్టలేదు.

ఒక గుమ్మం ముందు బిర్యానీ సంచి పెట్టి, ఇచ్చినట్టు సాక్ష్యంగా ఫొటో తీయబోతుంటే కళ్లు తిరిగాయి. నేను పడ్డాను. బిర్యానీ పడలేదు.

కళ్లు తెరిస్తే ఆ ఇంటి లోపలున్నాను, ఎదురుగా మా చర్చికి వచ్చే సుజాత ఆంటీ. బిర్యానీ ఆర్డర్ చేసింది ఆవిడే.

"ఫొటో తీశానా ఆంటీ?" అన్నాను.

"ఫొటో ఏంట్రా జోయెల్! ఇంట్లోంచే ఆఫీస్ వర్క్ చేస్తున్నావని మీ మమ్మీ చెప్పిందే!"

"ఇది ఫీల్డ్ వర్క్ ఆంటీ."

"నోర్మూసుకుని ఈ మజ్జిగ తాగు. అన్నం తినందే కదలనివ్వను."

తర్వాతి ఆర్డర్ తీసుకోమని ఫోన్ మోగుతూనే ఉంది. లేవబోయాను. ఆంటీ ఫోన్ లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టేసి, నేను తెచ్చిన బిర్యానీ నాకే వడ్డించింది.

పడిపోవడం కంటే, స్పృహ రాగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఆ ఫొటో గురించి కావడమే నన్ను ఇప్పటికీ భయపెడుతోంది. ఇప్పుడు నీళ్లు తాగుతున్నాను.

ఏసీ మాత్రం ఇంకా బాగు చేయించలేదు.