అన్న ముందు ఇంటికి పోయినాడు

2021 వేసవిలో, కోవిడ్ రెండో ఉధృతి సమయంలో, ఆదోనిలో కోవిడ్ వార్డు బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను సివిల్ సర్జన్ హోదాలో ఉన్నాను. రిటైర్మెంట్ దగ్గర పడింది. ఎమ్మిగనూరు కోవిడ్ కేర్ సెంటర్‌ను నాకంటే చిన్నవాడైన ఒక డాక్టరు చూసేవాడు. తేలిక కేసులు అక్కడికి, ఆక్సిజన్ పెట్టాల్సినవీ ఇతర జబ్బులున్నవీ నా దగ్గరికి. రోజూ అతను పూలదండలతో ఇంటికి పోతున్న రోగుల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. వైద్యులకు అసూయ ఉండదనుకునేవాళ్లు వైద్యుల మీటింగుకు ఎప్పుడూ వచ్చి ఉండరు. నాకు కడుపు మండేది.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరు నేతపనివాళ్లు, అన్నదమ్ములు రంగన్న, నాగేశు ఇద్దరూ పాజిటివై వచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు తమ్ముడికి కిడ్నీలు చెడిపోతే అన్న తనది ఒకటి ఇచ్చాడు. ఒక్క కిడ్నీతో ఉన్నాడని అన్ననూ నా దగ్గరే చేర్చుకొని, ఇద్దరికీ పక్కపక్క మంచాలే ఇచ్చాం. రంగన్నకు జ్వరం మండిపోయింది. తమ్ముడికి ఒళ్లు కాస్త వెచ్చబడిందంతే. చూసేవాళ్లు అన్న గురించే భయపడ్డారు, నేను తమ్ముడి గురించి.

మార్చిన కిడ్నీని శరీరం పరాయిదనుకొని తరిమేయాలని చూస్తుంది. అందుకే రోగనిరోధక శక్తిని జీవితాంతం మాత్రలతో అణచి ఉంచాలి. అట్లా అణిగిన ఒంట్లో జ్వరం కూడా గట్టిగా రాదు. వైరస్ మాత్రం తీరిగ్గా కాపురం పెడుతుంది. కర్నూలు కిడ్నీ డాక్టరుతో ఫోనులో మాట్లాడి, మాత్రల్లో ఒకటి తాత్కాలికంగా ఆపి, మిగతావి కొనసాగించాను. పూర్తిగా ఆపితే కిడ్నీ పోతుంది, ఏదీ తగ్గించకపోతే ఊపిరితిత్తులు పోతాయి.

రంగన్న కోలుకొని వెళ్లిపోయాడు. స్వల్ప లక్షణాలవాళ్లను గడువు ముగిశాక మళ్లీ పరీక్ష లేకుండానే పంపవచ్చు. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లకు అట్లా కాదు, ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ రావాలి. నాగేశుకు ఎన్నిసార్లు చేసినా పాజిటివే. ఖాళీ అయిన అన్న మంచాన్ని గుర్రుగా చూస్తూ పడుకునేవాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఎమ్మిగనూరు ఫొటోలు చూసేటప్పుడు నా ముఖమూ అట్లాగే ఉండేదని మా ఆవిడ అనేది.

ఒక ఉదయం అతని క్రియాటినిన్ ఉన్నట్టుండి పెరిగింది. కిడ్నీ పని మందగించిందని చెప్పే రక్తపరీక్ష అది. మందులు వేసుకుంటున్నావా అని గట్టిగా అడిగితే, దిండు కింది నుంచి మాత్రలు తీసి చూపించాడు.

"ఒగటి నిల్పితే మేలని మీరే అంటిరి గద సార్. అన్నీ నిల్పితే రోగం ఇంగా బిరీన పోతాదనుకుంటి. మాయన్న ఇయ్యేమీ మింగల్యా, ముందే ఇంటికి పాయ. నేను ఈడే పడుండాను."

నాకు ఒళ్లు మండింది. తిట్టి లాభం లేదని, సంగతంతా చెప్పి రంగన్నను రమ్మన్నాను. అతను గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి అనుమతి లేదు కాబట్టి హెడ్ నర్సు తన ఫోను స్పీకర్‌లో పెట్టింది.

"నీకు నా మింద కుళ్లా? కుళ్లుకోవాల్సింది నేను గదరా!" అన్నాడు రంగన్న. "ఆపరేషన్ అయినంక ఇంటికొచ్చినోళ్లంతా నీ మంచం కాడికే పోయినారు. పాలు నీకే, గుడ్లు నీకే. నువ్వెట్లుండావు రంగన్నా అని ఒక్కరన్నా అడగల్యా. అయినా ఇచ్చినందుకు నేను ఏడ్సల్యా. ఇప్పుడు దాన్ని నువ్వు సంపుకుంటే మాత్రం ఏడుస్తా."

నాగేశు నర్సు ముందే మాత్రలు మింగాడు.

శరీరం కిడ్నీని తరిమేయకుండా, కర్నూలు డాక్టరు సలహాతో స్టిరాయిడ్ మోతాదు పెంచాం. క్రియాటినిన్ దిగింది కానీ పాత అంకెకు చేరలేదు. చివరికి పరీక్ష నెగెటివ్ వచ్చింది. కిడ్నీ నిలిచింది, కొంత నష్టంతో.

నిరోధకశక్తి తగ్గిన రోగికి జబ్బు వేరే లెక్కలో నడుస్తుంది. పక్క మంచంతో పోల్చుకోవద్దని చేరిన రోజే చెప్పాలి. ఇది పుస్తకాల్లోనూ ఉంటుంది. రెండో పాఠం మాత్రం నేను రంగన్న దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా, కిడ్నీ మార్పిడి రోగి ఎవరు వచ్చినా, వెంట వచ్చిన దాతను ముందు కూర్చోబెట్టి, ఎట్లుండావని అడిగి, బీపీ చూసేవాణ్ణి.