చేపలు కోసే జపాను ఆవిడ

గోడమీద ఒక ఆడమనిషి చేపలు కోస్తుంటే కళ అంటారు. మీ వంటగదిలో కోస్తుంటే ఏమంటారు?

నా చిన్నప్పుడు మేము సౌదీలో, ఖోబర్ నగరంలోని అజీజియా పేటలో అద్దెకుండేవాళ్లం. పక్కనే ఉన్న ధహ్రాన్‌లో నాన్నతో పనిచేసిన జపాను ఇంజనీరు ఒకాయన ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద స్వదేశం వెళ్లిపోతూ ఒక బొమ్మ ఇచ్చారు. చెక్కమీద చెక్కి, రంగులద్ది, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. అందులో ఉన్నది రాణి కాదు, దేవత కాదు. నేలమీద కూర్చుని చేపలు కోస్తున్న మామూలు మనిషి.

నాన్న దానికి అద్దం కట్టించి హాల్లో పెట్టారు. డ్యూటీ నుంచి రాగానే ముందు దాని దుమ్ము తుడిచేవారు. "ఆ మణికట్టు ఎంత ఒడుపుగా వంచిందో చూడండి! పనిలో ఎంత అందం!" అని ఇంటికొచ్చిన ప్రతివారికీ చూపించేవారు. వాళ్లకు టీలు అందిస్తూ అమ్మ వినేది. నాకు ఒళ్లు మండేది. నాన్న నా ముఖంవైపు అంతసేపు ఎన్నడూ చూడలేదు. అమ్మకు నాకన్నా ఎక్కువ అసూయ. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ బొమ్మతోనే తగువు పెట్టుకునేది: "నీకేమే, మహారాణివి. ఒక్క చేప కోయడానికి ఏళ్లు పట్టినా అడిగేవాళ్లు లేరు."

ఒక శుక్రవారం నాన్న హమూర్ చేప తెచ్చి, స్నేహితులను భోజనానికి పిలిచారు. అమ్మ ఆ చేపను హాల్లోకి పట్టుకొచ్చింది. సరిగ్గా బొమ్మ కింద కూర్చుని, కొంగు బిగించి, చేపమీద కత్తి ఆనించి, మణికట్టు వంచి, కదలకుండా ఉండిపోయింది.

"ఏమిటే ఇది? వాళ్లొచ్చే వేళయింది!"

"బొమ్మనయ్యానండీ. చూడండి."

"పిచ్చిగానీ పట్టిందా?"

"దాన్ని రోజూ చూస్తున్నారుగా. నన్నొక్క పూట చూళ్లేరా?"

నాన్న నవ్వబోయి ఆగారు. చాలాసేపు చూశారు. "ఆ చేతిమీద మచ్చేంటి?" అన్నారు.

"నూనె చింది కాలింది. మానిపోయి కూడా నెలయింది."

నాన్న కింద కూర్చుని కత్తి అందుకున్నారు. ఆ రోజు పులుసులో ముక్కలు వంకరటింకరగా, పొలుసుతో సహా తేలాయి. అతిథులు మొహమాటంగా పొలుసు ఏరుకుంటూ తిన్నారు. అమ్మ మొదటిసారి వాళ్లతోపాటే కూర్చుని తింది.

ఆ బొమ్మ చెక్కినవాడిని నేను తప్పుపట్టను. అతను తన ఎదుట ఉన్న మనిషిని చూశాడు. మనం అతను చూసిన మనిషిని మాత్రమే చూస్తున్నాం. ఇప్పుడు నా ఉద్యోగమూ ఖోబర్‌లోనే. ఎవరైనా తమ హాల్లో ఇలాంటి బొమ్మ ముందు నిలబడి పనిలో అందాన్ని పొగుడుతుంటే, కడప నుంచి పనికి వచ్చి లోపల గిన్నెలు తోముతున్న ఆవిడ పేరేమిటని అడుగుతాను. చాలామంది నీళ్లు నములుతారు.

మీరు నమలకండి. మీకు వండిపెడుతున్న చేతులను ఈ పూటే చూడండి. చూసి మెచ్చుకుని ఊరుకోకండి. ఆ పనిలో సగం మీరు అందుకోండి.