టీ రంగు నీళ్లలో రాగి

1984 వానాకాలం. అప్పుడు నేను వరంగల్‌లో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని. రాలిన ఆకులు కుళ్లి నీళ్లలోకి దిగే పదార్థాన్ని హ్యూమిక్ యాసిడ్ అంటారు. అది లోహాలను ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవడమే నా పని. ఇది ఎవరికి పనికొస్తుందని ఇంట్లో అడిగితే మాట మార్చేదాన్ని.

ఒక ఉదయం ఏటూరునాగారం వైపు నుంచి జోసెఫ్ గారనే హాస్టల్ వార్డెన్ ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పట్టుకొచ్చారు. వెంట వంటమనిషి మార్తమ్మ. హాస్టల్ పిల్లలు రోజూ పొద్దున్నే వాంతులు చేసుకుంటున్నారు. ఇద్దరిని దవాఖానలో చేర్చారు. సెలవు విషయంలో వార్డెన్‌తో గొడవపడిన మార్తమ్మే అన్నంలో ఏదో కలిపిందని అందరూ అనుకుంటున్నారు.

"పిల్లలు తాగనీకి వాగు నీళ్లు రాత్రే రాగి గంగాళంల పోసి పెడ్తం. ఇవి అండ్లయే. దాంట్ల ఏమన్న ఉన్నదా చూడుండ్రి మేడం. లేదంటే ఇగ పోలీసోళ్లకు జెప్పుడే," అన్నారు జోసెఫ్ గారు.

మార్తమ్మ నా వైపే చూస్తూ, "నా చేతి బువ్వ తిని పెరిగిన పిల్లలు బిడ్డా. వాళ్లకు నేనెట్ల జేస్త?" అంది.

కాపర్ ఎలక్ట్రోడ్ నీళ్లలో ముంచాను. నీళ్లలోని రాగిని కొలిచే కడ్డీ అది. మీటరు ముల్లు దాదాపు కదల్లేదు. జోసెఫ్ గారు లేచి చెప్పులు వేసుకున్నారు.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. బీకరులో నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. ఎలక్ట్రోడ్‌కు విడిగా తిరిగే రాగే కనబడుతుంది, ఆకుల పదార్థం పట్టేసుకున్నది కనబడదు.

"జర ఆగుండ్రి సార్," అని నాలుగు చుక్కలు నైట్రిక్ యాసిడ్ వేశాను. యాసిడ్ తగిలితే ఆ పట్టు వదులుతుంది. ముల్లు లేచింది, ఇంకా లేస్తూనే ఉంది. రాగి నా యాసిడ్‌లోనే ఉందేమోనని భయం పట్టుకుంది. డిస్టిల్డ్ వాటర్‌లో అదే యాసిడ్ వేసి చూశాను. ముల్లు కదల్లేదు.

"గంగాళానికి కళాయి ఎప్పుడు పోయించిండ్రు?"

"కళాయా? నేనొచ్చినకాడికెల్లి పోయించలే. లోపలంత రాగే కనవడుతాంది," అంది మార్తమ్మ.

కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయిన గంగాళం నుంచి టీ రంగు నీళ్లు రాత్రంతా రాగిని లాక్కుంటున్నాయి. పరగడుపున తాగితే కడుపులోని ఆమ్లం దాన్ని విడిపిస్తోంది. గంగాళం పక్కన పెట్టించాక పిల్లలు తేరుకున్నారు.

వారం గడిచాక మార్తమ్మ ఒక్కతే ల్యాబ్‌కు వచ్చింది. వార్డెన్ తప్పయిందని బతిమాలినా పనిలో చేరలేదట. డోర్నకల్‌లో అన్న దగ్గరికి వెళ్లిపోతోంది.

"ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నోళ్లు, నీ మిషన్ జెప్తెనే నన్ను నమ్మిండ్రు బిడ్డా. అది జెప్పకపోతే?"

ఆ రోజు జోసెఫ్ గారు ఇంకాస్త తొందరపడి ఉంటే, నేను మొదటి కొలతతోనే ఊరుకుని ఉంటే, ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. ఆ తరువాత నా ఉద్యోగమంతటిలో ఏ రిపోర్టులోనూ "లేదు" అని రాయలేదు. "ఈ పద్ధతిలో కనబడలేదు" అనే రాశాను.