రెండో సగం

మా మెట్ల మీద తిరిగే పిల్లి ఒకసారి నా వంటింట్లోంచి చేప ముక్క కరుచుకుని కిందికి పరుగు తీసింది. వెనకాల చీపురుతో నేను. ఆ పరుగునంతా తన గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది మా ఎదురింటి మైకు. "పిల్లి ఎడమకు తిరిగింది, టైలరక్క ఇంకా కుడివైపే చూస్తోంది, మెట్టు తప్పింది, తమాయించుకుంది, చీపురు విసిరింది, అబ్బబ్బా, వెంట్రుకవాసిలో తప్పిపోయింది." పై అంతస్తు, కింది అంతస్తు జనమంతా వచ్చి ఈలలు వేశారు. పోయిన చేప నాది, చప్పట్లు ఆమెకి. అయినా నాకు కోపం రాలేదు. ఆ చెప్పడం విన్నాక నా పరుగు మీద నాకే గౌరవం కలిగింది.

మైకు అన్నది మేం పెట్టిన పేరు. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యంగా వస్తుందో చెబుతుంది. అక్కడ గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు, బస్సు వచ్చిందన్న సంతోషం అసలే వినబడకూడదు. ఆమె కలలు కన్నది స్టేడియం మైకు కోసం. వాళ్ళ నాన్న ఆట మైదానంలో సున్నంతో గీతలు వేసేవాడు. గీతలు వేశాక పనివాళ్ళు సామాను గది వెనక్కి పోవాలి, అక్కణ్ణుంచి ఆట కనబడదు. ఈ పిల్ల గోడెక్కి కూర్చుని, బంతి ఎవరి కాలి దగ్గరుందో కింద ఉన్న నాన్నకి చెప్పేది. అప్పుడు తెరిచిన నోరు ముప్పై దాటినా మూతబడలేదు.

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోనులో ఏదో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకునేది. సౌండు తీసేసి, నిలబడి, మొత్తం ఆట తనే చెప్పేది. ఫలితం తనకీ తెలియని మ్యాచ్ వెతికి మరీ పెట్టుకునేది. కాస్త నెమ్మదిగా చెప్పుకోవే అంటే వినదు.

"వేలమంది అరుస్తుంటే వాళ్ళ మీంచి నా మాట వెళ్ళాలక్కా. ఇంట్లో దాచుకున్న గొంతు అక్కడ పలకదు" అనేది.

నా కుట్టు మిషను ఆమె గొంతుతో పాటే పరుగెత్తేది. గోలు పడ్డప్పుడు కుట్టు వంకరపోయిన చొక్కాలు ఈ ఊళ్ళో చాలామంది ఒంటి మీద ఉన్నాయి, పాపం వాళ్ళకి తెలియదు.

ఇంతలో మైకు పక్క గదిలోకి రొట్టెలాయన దిగాడు. బేకరీలో రాత్రంతా పొయ్యి దగ్గర పని, తెల్లారాక ఇంటికి రావడం. రెండు గదులకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడవారనే ఆయన మంచం. వచ్చిన మర్నాడే తొమ్మిది దాటాక మైకు తలుపు తట్టాడు. జుట్టులో పిండి, కళ్ళు చింతనిప్పులు. నేనూ నా తలుపు తీశాను. గొడవంటే నాకు పని గుర్తుండదు.

"కాస్త నిద్రపోనిస్తావా అమ్మా?" అన్నాడు.

"నా ఇంట్లో నా నోరండీ" అంది మైకు.

"నోరు నీ ఇంట్లోనే ఉంది తల్లీ. మాటే నా మంచం మీదికి వస్తోంది."

"మీ నిద్ర కూడా గోడ దాటి వచ్చి నా నోరు మూస్తోంది కదా మరి."

ఆయన "అదీ నిజమే" అని తల గోక్కుని లోపలికి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. పోట్లాట మధ్యలో అదీ నిజమే అని వెళ్ళిపోతే తలుపులు తీసుకుని నిలబడ్డవాళ్ళ గతేమిటి?

ఆ వారంలోనే స్టేడియం నుంచి కబురొచ్చింది. అక్కడి పాత అనౌన్సరు మానేస్తున్నాడట. కొత్తవాళ్ళని పరీక్షించడానికి ఒక్కొక్కరికి ఒక్కో మ్యాచ్ ఇస్తారట. మైకు వంతుకి వచ్చింది నెల తర్వాత జరిగే ఊరి ఫైనలు, నీలం చొక్కాలకీ పసుపు చొక్కాలకీ. ఆమె మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆ కబురు అందరికీ చెప్పింది, నాకు మూడుసార్లు చెప్పింది. ఇక పొద్దుటి గొంతు రెండింతలైంది.

రొట్టెలాయన కూడా ఊరికే కూర్చోలేదు. పగటి పని ఇమ్మని బేకరీలో అడిగాడు, లేదన్నారు. చెవుల్లో దూది పెట్టుకుంటే అలారం వినబడక పనికి ఆలస్యమైంది. మైకు తన బొంతలన్నీ గోడకి వేలాడదీసింది, ఏమీ లాభం లేకపోయింది. పార్కులో చెప్పుకుందామని పోతే పిచ్చిదేమోనని జనం మూగారు, కాపలావాడు గేటు చూపించాడు. ఆఖరికి ఇద్దరూ కలిసి ఓనరు గారి దగ్గరికి పోయారు.

ఓనరు గారికి సమానం అంటే పిచ్చి. దండెం మీద ఎవరి బట్టలు ఎక్కడిదాకా ఆరెయ్యాలో రంగు దారాలు కట్టిన మనిషి. ఇద్దరి మాటా విని, కళ్ళజోడు సర్దుకుని తీర్పు చెప్పారు. "మ్యాచ్‌కి రెండు సగాలున్నాయి. మొదటి సగం నోటిది, రెండో సగం నిద్రది. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు." చెప్పి తనే మురిసిపోయారు. మేమూ భేష్ అన్నాం. అంత తేలిగ్గా తేలిపోయే గొడవకి ఇన్నాళ్ళు జుట్లు పీక్కున్నామా అనిపించింది.

ఆ మర్నాటి నుంచి విరామం విజిల్ పడగానే మైకు నోరు టక్కున మూతబడేది. మిగతా ఆట పెదాలు బిగబట్టి చూసేది. గోలు పడితే బల్ల అంచు పట్టుకుని ఊగేది తప్ప కిక్కురుమనేది కాదు. మాటంటే మాటే.

తమాషా ఏమిటంటే రొట్టెలాయన కళ్ళు ఇంకా ఎర్రబడ్డాయి. మనిషి వాడిపోయాడు. ఒకరోజు పొద్దున కుడి చేతికి కట్టుతో మెట్లెక్కాడు. వేడి రొట్టెల రేకు జారి మణికట్టు దగ్గర కాలిందట. మైకు ఆ కట్టు చూసి గోడకి ఆనుకుంది.

"నా వల్లే కదా" అంది.

"కాదులే" అన్నాడాయన. గట్టిగా అనలేదు.

ఆ రోజు మొదలు మా అంతస్తులో మాట లేదు. మొదటి సగమూ లేదు, రెండో సగమూ లేదు. నిశ్శబ్దంలో నా మిషను చప్పుడు నాకే చిరాకేసింది. వెళ్ళి నిలదీశాను.

"పరీక్షకి వారం కూడా లేదు, నోరు కట్టేసుకుని కూర్చుంటే ఎలాగే?"

"నేను వెళ్ళడం లేదక్కా. ఒక మనిషి చెయ్యి కాల్చి నేను అరవలేను" అంది.

నాకు ఎవరి మీద కోపగించాలో తెలియలేదు. ఆమె పక్షాన కోపం తెచ్చుకుంటే ఆయన చెయ్యి గుర్తొచ్చేది, ఆయన పక్షాన తెచ్చుకుంటే ఆమె గోడెక్కి కూర్చున్న రోజులు గుర్తొచ్చేవి. అందుకని ఓనరు గారి దండెం మీది దారాలన్నీ విప్పి పారేశాను.

పరీక్ష రేపనగా, మైకుకి బస్టాండు సెలవు రోజు సాయంత్రం, పనికి బయల్దేరుతూ రొట్టెలాయన మైకు తలుపు తట్టాడు. నా తలుపు సంగతి చెప్పక్కర్లేదు.

"అమ్మా, ఆ తెల్లచొక్కాలవాళ్ళు ఏమయ్యారు?"

"ఏ తెల్లచొక్కాలు?"

"అదే, ఒక గోలు వెనకబడి, గోల్‌కీపర్ కుంటుతుంటే విరామం ఇచ్చేశావు చూడు. నా చెయ్యి కాలడానికి ముందు రోజు. గెలిచారా?"

మైకు తలుపు పూర్తిగా తీసింది.

"నీ అరుపుకి లేచేవాణ్ణి, అది అబద్ధం కాదు" అన్నాడాయన. "కానీ మొదట్లో ఆట అయిపోగానే మళ్ళీ పడుకునేవాణ్ణి. ఆ సగాల తీర్పు వచ్చాకే కంటి మీద కునుకు పోయింది. నువ్వేమో సగంలో వదిలేస్తావు. నేను కళ్ళు మూసుకుని మిగతాది ఆడుకుంటూ ఉంటాను. ఆ రోజు రేకు జారింది కూడా అందుకే. బుర్రలో పెనాల్టీ కొడుతున్నా."

నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. ఓనరు గారి సమానం ఇద్దరికీ సమానంగా నష్టం పంచిందన్నమాట. మైకు మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

"గెలిచారు" అంది. "ఆఖరి నిమిషంలో."

"అలా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? రేపు స్టేడియంలో ఒకటి పూర్తిగా చెప్పు. నేనొచ్చి వింటా."

"పొద్దుటి దాకా పని చేసి వస్తారు. మీ నిద్ర?"

"నా నిద్ర నా ఇష్టం తల్లీ. నేనిస్తే ఇచ్చినట్టు, నువ్వు లాక్కుంటే లాక్కున్నట్టు. రెండూ ఒకటవుతాయా?"

ఆ మాట విన్నాక మైకు మొహంలో రంగు తిరిగొచ్చింది. అప్పటికప్పుడు ఇద్దరూ కొత్త ఒప్పందం చేసుకున్నారు. ఆయన పని నుంచి వచ్చి తిండి తినే వేళకి, ఏడింటికి, ఆమె తన పొద్దుటి నిద్ర మానుకుని లేచి మ్యాచ్ మొత్తం చెబుతుంది. ఆయన తన పడకని ఆట అయ్యేదాకా వాయిదా వేసుకుంటాడు. ఆ తర్వాత ఆమె బస్టాండుకి వెళ్ళేదాకా చెంచా కూడా చప్పుడు కాకూడదు. సగం నోరు కాదు, సగం నిద్ర కాదు, ఎవరిది వాళ్ళకి నిండుగా.

"బాగానే ఉంది. ఏడింటికి నేను పడుకుని ఉంటాను, నన్నెవరైనా అడిగారా?" అన్నాను.

ఆదివారాలు నావి అని ఒప్పించుకునేదాకా గుమ్మం వదల్లేదు.

మర్నాడు స్టేడియంలో ఇసకేస్తే రాలనంత జనం. అనౌన్సరు కూర్చునే గూడు మా తలల మీదే ఉంది, కిటికీకి అద్దం కూడా లేదు. రొట్టెలాయన పొయ్యి దగ్గరి నుంచి అటే వచ్చాడు, జుట్టులో పిండి అలాగే ఉంది. కూర్చోగానే ఆవులింతలు. ఈల పడింది, మైకు గొంతు లేచింది, ఆవులింతలు పోయాయి.

ఏం చెప్పిందని. నీలం కుర్రాడు కుడి అంచున పరుగెడుతుంటే ఆమె మాట వాడికంటే అరడుగు ముందే పరుగెత్తింది. బంతి గాల్లోకి లేస్తే మేమంతా మెడలు ఎత్తాం, చూడ్డానికి కాదు, ఆమె ఎత్తమన్నట్టు అనిపించి. పసుపువాళ్ళు గోలు కొట్టినప్పుడు నీలంవాళ్ళ అభిమానులు కూడా ఒక్క క్షణం చప్పట్లు కొట్టి, ఆనక నాలుక్కరుచుకున్నారు. నేను పక్కనున్న ముక్కూ మొహం తెలియనావిడ చెయ్యి పట్టుకుని, అది మా ఎదురిల్లే అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

విరామం అయింది. ఆటగాళ్ళు మళ్ళీ దిగారు. ఈల పడింది. బంతి కదిలింది.

మైకులోంచి మాట రాలేదు.

మొదట కరెంటు పోయిందేమో అనుకున్నాం. కాదు, స్పీకర్లలో ఆమె ఊపిరి వినబడుతోంది. ఇన్నాళ్ళూ విరామం కాగానే నోరు మూసుకుని మూసుకుని, తెరవడం మరిచిపోయింది. బంతి ఇటు వచ్చింది, అటు పోయింది. జనంలో గుసగుసలు లేచాయి, వెనకెవరో కూత పెట్టారు. గూట్లో పరీక్ష పెట్టడానికి వచ్చిన, కోటు తొడుక్కున్నాయన లేచి ఆమె ముందున్న మైకు అందుకోబోతున్నాడు.

రొట్టెలాయన బెంచీ ఎక్కి నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, గూటి వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాడు.

"నేను మేలుకునే ఉన్నానమ్మా. కానియ్యి."

ఆమె కిందికి చూసింది. చూసిందో లేదో, కట్ట తెగినట్టు వచ్చింది మాట. ఆగిన ఆ కాసేపట్లో జరిగినదంతా ఒక్క గుక్కలో చెప్పేసి ఆటని అందుకుంది. ఇక కోటాయన కూర్చోక తప్పలేదు. నీలంవాళ్ళు ఒకటి కొట్టారు, సమానమైంది. ఆఖర్లో ఇంకొకటి కొట్టారు. ఆ గోలుకి ఆమె లాగిన రాగం ఎక్కడ ఆగిందో నాకు గుర్తులేదు, నేనూ అరుస్తున్నాను. నిజానికి నేను పసుపువాళ్ళ వైపు.

ఆఖరి విజిల్ పడగానే రొట్టెలాయన "అయింది" అన్నాడు. కూర్చున్నచోటే తల వెనక్కి వాల్చాడు. చుట్టూ డప్పులు, బూరలు, గంతులు. ఆయన గుర్రు పెడుతున్నాడు.

జనం పలచబడ్డాక మైకు మెట్లన్నీ దూకుతూ వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది, ఉద్యోగం వచ్చింది. నోరు తెరిచి, ఊపిరి నిండా తీసుకుని, ఆయన్ని చూసి ఆగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చుని నా భుజం గిల్లేసింది, కాళ్ళు ఆడించింది, కళ్ళ వెంట నీళ్ళు కార్చింది, మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

స్టేడియం ఊడ్చేవాళ్ళు పొడుగు చీపుళ్ళతో ఒక్కో వరసా ఊడుస్తూ పైకి వస్తున్నారు. మైకు లేచి, మునివేళ్ళ మీద నడిచి వాళ్ళలో ముందున్నాయన దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, మా వరస ఆఖరున ఊడుస్తావా?"

స్టేడియం ఉద్యోగం వచ్చాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. నాకు కూడా వినబడలేదు, పెదాలు చూస్తేనే అర్థమైంది.