నేను తిరిగి పోసేసిన వడ్లు

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, అది కూడా హిందీ బడిలో. తెలుగు అక్షరాలు మా చర్చిలో ఆదివారం బడికి వెళ్లి నేర్చుకున్నవే. ఒత్తు ఎక్కడ పెట్టాలి, దీర్ఘం ఎక్కడ తియ్యాలి అని ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. నేను పనిచేసే బడిలోని టీచరమ్మ "నువ్వు చెప్పినట్టే రాయక్కా, తప్పులు నేను చూస్తాలే" అంది. కానీ ఆమెకి చూపించడానికి సిగ్గేసింది. ఎలా వచ్చిందో అలాగే మీ ముందు పెడుతున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చి, రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. నేను పుట్టింది, పెరిగింది ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. పెద్దయ్యాక ఊళ్లోనే ఒక బడిలో ఆయాగా చేరాను. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రం అయిన కొన్నేళ్లకి, ఒక చలి దేశంలోని బడితో మా బడికి స్నేహం కుదిరింది. ఆ రెండు బడులూ కలిసి అభన్‌పూర్ దాటాక ఉన్న ఒక పల్లె బడికి తోడు నిలవాలని అనుకున్నాయి. ఆ పల్లెలో ఎండాకాలం వస్తే బోరింగు ఎండిపోయేది. పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే ఆవిడ రెండు బిందెలతో చెరువుకి నడిచి నీళ్లు తెచ్చేది. అందుకని బడి కప్పు మీద పడే వాననీళ్లని పట్టి దాచుకునే టాంకీ కట్టాలనుకున్నారు. చలి దేశం పిల్లలు వాళ్ల ఊళ్లో కేకులు చేసి అమ్మి మూడేళ్లు డబ్బు పోగుచేశారు. పని మాత్రం పల్లె ఆడవాళ్లు తామే చేస్తామన్నారు.

ఆ జనవరిలో అక్కడి నుంచి ఎనిమిది మంది పిల్లలు, ఒక మేడం వచ్చారు. పది రోజులు ఉండి, పల్లెవాళ్లతో కలిసి మట్టి మోస్తారట. పిల్లల్ని చూసుకోవడానికి, ఛత్తీస్‌గఢీలో మాట్లాడడానికి నన్ను పంపారు. వెళ్లే ముందు మా బడి పెద్ద నన్ను పిలిచి ఒకే మాట చెప్పారు. "పల్లెవాళ్లు లేనివాళ్లు. వాళ్ల దగ్గర ఏదీ తీసుకోకూడదు. జామకాయ కూడా." నేను తల ఊపాను.

వంటావిడని అందరూ దాయీ అనేవారు. వాళ్ల భాషలో అమ్మ అని. నన్ను ఆమె నోనీ అనేది, అంటే చిన్నపిల్ల అని. నాకప్పుడు నలభై దగ్గర పడుతోంది. "నీకు జుట్టు నెరిస్తే నాకేం, నాకు నోనీవే" అని నవ్వేది. తెల్లపిల్లలు తట్ట ఎత్తలేక ఒగురుస్తుంటే, "ఏం తింటార్రా మీ దేశంలో, గాలా?" అని ఆటపట్టించి తట్టలో సగం మట్టి దింపేసేది.

మధ్యలో ఛేర్‌ఛేరా పండగ వచ్చింది. మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. పుష్య పున్నమి నాటికి వడ్లు ఇళ్లకి చేరిపోయి ఉంటాయి. పిల్లలు సంచులు తగిలించుకుని ఇంటింటికీ వెళ్లి "ఛేర్‌ఛేరా!" అని అరుస్తారు. ఇంటి ఇల్లాలు చేటతో వడ్లు తెచ్చి సంచిలో పోస్తుంది. ఉన్నవాళ్ల పిల్లలూ వెళ్తారు, లేనివాళ్ల పిల్లలూ వెళ్తారు.

ఆ పొద్దున పల్లె పిల్లలు ఎనిమిది గుడ్డసంచులు తెచ్చి తెల్లపిల్లల భుజాలకి తగిలించారు. అందరూ కలిసి బయల్దేరారు. ఆ పిల్లలకి నోరు తిరగదు. "చేచ్చేరా" అని అరుస్తుంటే ఊరంతా వాకిళ్లలోకి వచ్చి నవ్వింది. ప్రతి ఇంటా వడ్లు పోశారు. దాయీ అయితే చేట నిండా తెచ్చి, ఒక్కొక్కరికీ పోసి, గడ్డం పట్టుకుని ముద్దాడింది.

నాకు మాత్రం భయం పట్టుకుంది. సంచులు బరువెక్కుతున్నాయి. జామకాయ కూడా వద్దన్నారు కదా! విమానమెక్కి వచ్చిన పిల్లల చేత నేను ఇల్లిల్లూ అడుక్కునేలా చేశానంటే నా ఉద్యోగం ఏమవుతుంది? ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేనూ ఒకసారి సంచి తీసుకుని కాలనీ వెనక బస్తీ పిల్లలతో ఛేర్‌ఛేరాకి వెళ్లాను. ఇంటికొస్తే మా అమ్మ వీపు మీద ఒకటి చరిచి, "ముష్టికి ఎల్లినావేటే? మనకి తిండి లేదేటి?" అని, ఆ వడ్లు పట్టుకెళ్లి ఇచ్చినవాళ్లకే ఇచ్చేసి వచ్చింది.

అమ్మ చేసినట్టే నేనూ చేశాను. పిల్లల్ని దాయీ ఇంటికి వెనక్కి తీసుకొచ్చి, వాకిట్లో పరిచి ఉన్న గోనెపట్టా మీద ఎనిమిది సంచులూ దులిపేశాను. "దాయీ, ఇవి ఊళ్లో వాళ్లకే పంచేయ్. వీళ్లకి వద్దు" అన్నాను. ఒక పిల్ల తన సంచి వదల్లేదు. నేనే లాక్కుని పోశాను.

దాయీ నా మొహం కేసి చూసి చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు టాంకీ దగ్గరికి ఒక్క ఆడమనిషి రాలేదు. గోడలు నడుము దాకా లేచి ఉన్నాయి. మేస్త్రీ పొద్దున్నే కలిపిన సిమెంటు గట్టిపడిపోతోంది. తెల్లపిల్లలు ఖాళీ తట్టలు పట్టుకుని నిలబడ్డారు. మా టీచరమ్మ పొద్దున బస్సులో రాయ్‌పూర్ నుంచి వచ్చి, "ఏమయ్యిందక్కా, ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి!" అని కంగారుపడింది. ఆమెది గుంటూరు వైపు. ఇక్కడి పండగలు ఆమెకి తెలియవు.

ఇద్దరం దాయీ ఇంటికి వెళ్లాం. ఆమె మట్టి గాదెని పేడతో అలుకుతోంది. మమ్మల్ని చూసినా చెయ్యి ఆపలేదు.

"కా హోగే దాయీ? ఏమైంది?" అన్నాను.

"నీకు తెలీదా? ఈ ఊళ్లోనే పుట్టినట్టు మా మాట మాట్లాడతావు" అంది. "మూడేళ్లు వాళ్లు కూడబెట్టింది మేం తీసుకున్నాం. ఒక్క రోజు మాది వాళ్లు తీసుకోరా? ఇచ్చిన వడ్లు తిరిగి నా వాకిట్లో పోశావు. పండగ పూట. నా మనవలు చూస్తుండగా."

"మీకు కష్టమవుతుందని..."

"కష్టం మాకు తెలుసు. నువ్వు నేర్పక్కర్లేదు. పుచ్చుకోవడం ఒక్కటే మా పని అయితే ఆ టాంకీ మాకొద్దు. నాకు చెరువు దారి బాగానే తెలుసు."

ఆ చెరువు దారి ఎంత దూరమో నేను చూశాను. ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా చూశాను. ఆ నీళ్లు అందరికన్నా ముందు కావాల్సింది ఆమెకే.

తిరిగి వస్తుంటే దారిలో నాకు ఏడుపొచ్చింది. "టీచరమ్మా, ఇది నా వల్లే. మేడంకి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి. నన్ను తీసేస్తే తీసేస్తారు" అన్నాను. టీచరమ్మ ఇంగ్లీషులో అంతా చెప్పింది. మేడం అంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది. "మేం ఇప్పుడు వెళ్లి అడిగితే ఇస్తారా?"

పండగ అయిపోయాక అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. అయినా మరుసటి పొద్దున వెళ్లాం. ఎనిమిది మంది పిల్లలు, మేడం, టీచరమ్మ. నేను కూడా నా సరుకుల సంచి ఖాళీ చేసి భుజానికి తగిలించుకున్నాను. ఎవరూ చెప్పలేదు. అప్పటికి నా బుర్రకి అదొక్కటే తోచింది.

దాయీ వాకిట్లో నిలబడి "ఛేర్‌ఛేరా" అన్నాను. పక్కనున్న పిల్లలకే వినపడేటంత మెల్లగా.

లోపల నుంచి గొంతు వచ్చింది. "ఎవరది? పండగ అయిపోయింది. వచ్చే ఏడు రండి!"

"ఛేర్‌ఛేరా, దాయీ!"

"ఇంత పెద్ద నోనీకి అంత చిన్న గొంతా? నాకు వినపడలేదు!"

నేను గట్టిగా అరిచాను. పిల్లలూ అరిచారు. మేడం అయితే రెండు చేతులతో సంచి నోరు తెరిచి పట్టుకుని అరిచింది. పక్కిళ్ల వాళ్లు బయటికొచ్చారు. దాయీ గడప దాకా వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ఈసారి తిరిగి పోస్తారా?"

"పొయ్యను దాయీ."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె లోపలికి వెళ్లి చేట తెచ్చి మొదట నా సంచిలోనే పోసింది. పోస్తూ, "మనిషివి మంచిదానివే, తొందరెక్కువ" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తర్వాత అందరి సంచుల్లో పోసింది, ఇంటింటి వాళ్లూ చేటలు తెచ్చి మళ్లీ పోశారు.

ఆ రోజు మధ్యాహ్నానికే ఆడవాళ్లందరూ పనిలోకి వచ్చారు. గట్టిపడిపోయిన సిమెంటు ముక్క ఒకటి చూపించి, "ఇది నోనీ కట్టిన గోడ" అని నన్ను ఏడిపించారు. పడాల్సిందే కదా, పడ్డాను.

ఆ వడ్లు విమానంలో తీసుకెళ్లడానికి లేదు. బడి వెనక జల్లి పండిద్దామంది టీచరమ్మ. దాయీ నవ్వింది. "ఇంటింటి రకం కలిసిపోయాక విత్తనానికి పనికొస్తాయా తల్లీ? దంచి వండండి." పిల్లలే దంచారు. సగం నూక అయింది. ఆఖరి రోజు ఆ బియ్యంతో బడి వాకిట్లో అన్నం వండి, తెల్లపిల్లలే ఊరందరికీ వడ్డించారు. వాళ్లు అడిగి తెచ్చుకున్న వడ్లు, వాళ్లు పెట్టిన భోజనం. దాయీ పొయ్యి దగ్గరికి రాకుండా మొదటి బంతిలో కూర్చుని తింది. "నీళ్లెక్కువ పోశారు" అని వంక పెడుతూనే రెండోసారి పెట్టించుకుంది.

బడికి వచ్చాక జరిగిందంతా నేనే పెద్దకి చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "నేను చెప్పిందే తప్పేమో, వెళ్లి పని చూసుకో" అన్నారు. ఆ వానల్లో టాంకీ నిండింది. తర్వాతి ఎండాకాలం నేను వెళ్తే దాయీ ఆ నీళ్లతోనే టీ పెట్టి ఇచ్చింది.

నా సంచిలోని వడ్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉండేది. "ఎక్కడివే ఇవి?" అంది.

"ఛేర్‌ఛేరాకి అడిగి తెచ్చుకున్నానమ్మా. ఇవి తిరిగి ఇవ్వను."

అమ్మ గుప్పెడు వడ్లు చేతిలోకి తీసుకుని చూసి, "గట్టి గింజే. చేట ఇలా తే, రాళ్లేరతాను" అంది.

ఇంతే నాకు తెలిసింది. అక్షరాలు ఎక్కడైనా కాళ్లు విరిగి పడి ఉంటే మీరే లేవదీసి చదువుకోండి. దాయీ నా తప్పుని మన్నించింది, మీరు కూడా ఈ రాతలో తప్పుల్ని మన్నించమని అడుగుతున్నాను.