గచ్చు పూలు చెక్కేసిన గోడ

వేలూరు బజారు వెనక సందులో ఒక పాత గోరీ ఉంది. మొగలాయి పద్ధతిలో కట్టిన గుమ్మటం, కింద నాలుగు గోడలకూ కమానులు, వాటి చుట్టూ సున్నపు గచ్చుతో తీర్చిన పూలు. లోపల ఉన్నది ఎవరో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు లేరు. మాకు గుడియాత్తంలో చీరల కొట్టు. మగ్గాలవాళ్లకు అంచుల నమూనాలు గీసిచ్చేది నేనే. ఆ అంచుల కోసమే పన్నెండేళ్లుగా ఆ పూలను పల్చటి కాగితం మీదికి ఎక్కించుకుని వస్తున్నాను. ఏ రెండు పూలూ ఒకేలా ఉండేవి కావు.

పోయిన ఎండాకాలం వెళ్లేసరికి మూడు గోడలు నున్నగా సిమెంటుతో మెరుస్తున్నాయి. నాలుగోదాన్ని ఒకడు ఉలితో కొడుతున్నాడు. రేకులు, తీగలు ముక్కలై నేలమీద పడి ఉన్నాయి. ఆపమని అరిచాను. మేస్త్రీ వచ్చాడు. మా వైపు తెలుగువాడే.

"ఎందుకప్పా చెక్కేస్తా ఉండారు?"

"పాత గచ్చు మీద సిమెంటు పట్టదమ్మా. పూలు పోతే ఏమి? గోడ గట్టిగా ఉండాది కదా."

చెడ్డవాడైనా కాదు, కసితీరా తిట్టడానికి. కంట్రాక్టరు చెప్పింది చేస్తున్నాడు. మిగిలిన సగం గోడకు అడ్డంగా నిలబడ్డాను. వాళ్లు పనిముట్లు సర్దుకునేదాకా కదల్లేదు.

సోమవారం సత్తువాచారిలో కలెక్టరాఫీసుకు వెళ్లాను. పని ఆపించమని అర్జీ అరవంలో మా ఆడపడుచు రాసిచ్చింది. మధ్యాహ్నందాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆఫీసరు నా కాగితాలు తిరగేసి, అది మీవాళ్ల సమాధా అని అడిగాడు. కాదన్నాను. మరి మీకెందుకమ్మా ఈ బాధ అన్నాడు. కోపంలో అరవం రాలేదు.

"ఆ పూలతోనే మా ఇంట్లో పన్నెండేళ్లు అన్నం వండినాం సార్."

అతనికి అర్థం కాలేదు. అదే మాట అరవంలో మళ్లీ చెప్పాను. నా కాగితాలు ఇంకోసారి తిరగేశాడు. అర్జీ తీసుకున్నాడు.

పని ఆగింది. పదిహేను రోజులకు కంట్రాక్టరు మా కొట్టుకే వచ్చాడు. పూలు గీసుకున్న నా కాగితాలిస్తే అచ్చులు పోయించి, సిమెంటు పూలు అంటిస్తానని మర్యాదగా అడిగాడు. సున్నం నూరించి, చేత్తో, ఏ పువ్వుకు ఆ పువ్వు తీర్పిస్తానంటే ఇస్తానన్నాను. నవ్వాడు. అంత తీరిక ఎవరికుంది, ఒక అచ్చు చాలదా అన్నాడు. ఇచ్చి వదిలించుకోరాదా అని మా ఆయన గొణిగాడు. కాగితాల కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాను.

వానలు వెలిశాక మళ్లీ వెళ్లి చూశాను. మూడు గోడల నిండా ఒకే అచ్చులో పోసిన తామరపువ్వు, పైనుంచి కిందిదాకా. ఆంబూరు దారిలో కల్యాణమండపాలకు అంటించే పువ్వే. దానికి గులాబీ రంగు కొట్టారు. నాలుగో గోడను మాత్రం ఉలి ఆపిన చోటే వదిలేశారు. మిగిలిన సగం పూల మీద కాగితం పరిచి పెన్సిల్ తీశాను. కొత్తగా పెట్టిన కాపలా మనిషి దగ్గరికి వచ్చాడు.

"గోడ ముట్టుకోకూడదమ్మా. చెడిపోతాది."

ఎవరు చెడగొట్టారో అడుగుదామనుకున్నాను. కాగితం మీద చెయ్యి గట్టిగా నొక్కిపెట్టి, ఆ పువ్వు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి గీశాను.